డిప్రెషన్ మందు ఆపగానే తలలో షాక్ కొట్టినట్లు ఉంటోంది. ఓర్చుకోవాలా, మళ్లీ వేసుకోవాలా?

ముందుగా మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీకు 28 ఏళ్లు. డిప్రెషన్‌కు రెండేళ్లుగా ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రోజూ రాత్రి వేసుకుంటున్నారు. ఏడాదికి పైగా మనసు కుదుటగా ఉంది. పెళ్లి సంబంధం కుదరగానే ఇంట్లో పెద్దవాళ్లు "ఇంకా ఆ మాత్రలేమిటి, అత్తవారింటికి కూడా పట్టుకెళ్తావా?" అనడంతో ఒక్కసారిగా మానేశారు. ఈరోజుకు తొమ్మిదో రోజు. మూడో రోజు నుంచి కళ్లు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు షాక్ కొట్టినట్లు జివ్వుమంటోంది. నడుస్తుంటే నేల ఊగినట్లు ఉంది. రాత్రిళ్లు పీడకలలు, పగలు ఊరికే ఏడుపు, అమ్మ మీద అరుపులు. మందుకు బానిసనయ్యానా, జబ్బు తిరగబెట్టిందా, ఓర్చుకోవాలా, మళ్లీ మొదలుపెట్టాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఇవి మందు హఠాత్తుగా ఆపినందువల్ల వచ్చిన లక్షణాలు. మీరు దేనికీ బానిస కాలేదు. డిప్రెషన్ తిరగబెట్టిందని ఇప్పుడే అనుకోవడానికి ఆధారం లేదు. పళ్ల బిగువున ఓర్చుకోవలసిన అవసరం అంతకన్నా లేదు. మీకు మందు రాసిన డాక్టరుకు ఇవాళే ఫోన్ చేయండి. మామూలుగా ఇలాంటప్పుడు మేము ఆపిన మందును మళ్లీ మొదలుపెట్టి, ఒకటి రెండు వారాలు నిలకడగా ఉంచి, ఆ తర్వాత నెలల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తాం. మళ్లీ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే షాకులు, తూలడం చాలావరకు సర్దుకుంటాయి. నేను మానసిక వైద్యుణ్ణి, ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. కానీ మిమ్మల్ని చూడలేదు, మీ పాత కాగితాలు చూడలేదు. కాబట్టి ఎంత మోతాదుతో మొదలుపెట్టాలన్నది మీ డాక్టరే చెప్పాలి.

ఫోన్ చేసేలోపు ఒక పని చేయండి. మీ మందు షీటు వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలు చదవండి. ఎస్సిటలోప్రామ్ ఒక్కటే ఉందా, దాని పక్కన క్లోనజిపామ్ అని కూడా ఉందా? మన దగ్గర ఈ రెండూ కలిపిన మాత్రలు విరివిగా రాస్తారు. పేరు చివర ప్లస్ అనో మరొకటో ఉంటుంది, వేసుకునేవారికి లోపల రెండు మందులున్నాయని తెలియదు. క్లోనజిపామ్ వేరే జాతి మందు. దానికి శరీరం నిజంగానే అలవాటు పడుతుంది. రెండేళ్లు రోజూ వేసుకుని ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, నిద్ర పూర్తిగా పోవడం, కొందరికి ఫిట్స్ రావడం కూడా జరుగుతుంది. మీ షీటు మీద ఆ పేరు కనిపిస్తే రేపటిదాకా ఆగకండి. ఈరోజే డాక్టరుతో మాట్లాడండి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఎందుకిలా జరుగుతుందో చెబుతాను. ఎందుకన్నది తెలిస్తే భయం సగం పోతుంది.

మెదడులో నరాల కణాల మధ్య సెరొటోనిన్ అనే రసాయనం విడుదలై, పని అయ్యాక తిరిగి కణంలోకి వెళ్లిపోతుంది. దాన్ని లోపలికి తీసుకునే ద్వారాలను ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, పారోక్సెటీన్, ఫ్లూక్సెటీన్ వంటి మందులు మూసి ఉంచుతాయి. నెలలు, సంవత్సరాలు అలా మూసి ఉంచితే మెదడు ఆ పరిస్థితికి తగ్గట్టు తన సర్దుబాట్లు తాను చేసుకుంటుంది. మందు రాత్రికి రాత్రి మాయమైతే ఆ సర్దుబాట్లు మాత్రం రాత్రికి రాత్రి మారవు. వాటికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ మధ్య కాలంలో పడే ఇబ్బందే మీరు ఇప్పుడు పడుతున్నది. సెరొటోనిన్ మనసుకు మాత్రమే సంబంధించింది కాదు. కడుపు, నిద్ర, తూలకుండా నిలబడడం, చర్మం మీద స్పర్శ, అన్నిటిలోనూ దాని పాత్ర ఉంది. అందుకే వికారం, తల తిరగడం, చీమలు పాకినట్లు ఉండడం, జలుబు చేసినట్లు ఒళ్లు నొప్పులు, చెమటలు, రంగురంగుల కలలు అన్నీ కలిసి వస్తాయి. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఇమిప్రమిన్ అనే తొలితరం మందు ఆపినప్పుడు ఇలాంటి లక్షణాలు వస్తున్నాయని 1959లోనే వైద్యులు రాశారు.

బానిసత్వం మాటకొస్తే, దాని లక్షణాలు వేరు. మందు కోసం తపించిపోవడం, రోజురోజుకూ మోతాదు పెంచుకుంటూ పోవడం, దొరక్కపోతే దొంగచాటుగా సంపాదించడం, నష్టమని తెలిసీ వాడడం. మీరు రెండేళ్లూ అదే 10 మిల్లీగ్రాముల దగ్గర ఉన్నారు. పైగా ఇంట్లోవాళ్లు అనగానే మానేశారు. శరీరం ఒక మందుకు సర్దుకుపోవడం, మనిషి ఆ మందుకు బానిస కావడం ఒకటి కాదు. బీపీకి వాడే కొన్ని మందులు, స్టెరాయిడ్లు కూడా ఒక్కసారిగా ఆపకూడదు. వాటిని వేసుకునేవారిని మనం బానిసలనడం లేదు. ఇంట్లోవాళ్లు ఆ మాట అంటే మీరు తల దించుకోకండి. వాళ్లకు ఈ తేడా వివరంగా చెప్పండి.

అందరికీ ఇలా అవుతుందా అంటే, కాదు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో 79 అధ్యయనాలను, సుమారు 21 వేల మందిని కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. మందు ఆపినవారిలో 31 శాతం మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలో కూడా 17 శాతం మందికి కనిపించింది. అంటే కొంత భయం వల్ల, లక్షణాలు వస్తాయేమోనన్న ఎదురుచూపు వల్ల కూడా వస్తుందన్నమాట. తీవ్రమైన లక్షణాలు దాదాపు 35 మందిలో ఒకరికి. ఈ అంకెలను నేను రోగులకు చెబుతాను, కానీ ఒక షరతుతో. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో రోగులు మందు వాడింది కొద్ది వారాలో, నెలలో. ఏళ్ల తరబడి వాడినవారి సంగతి ఆ సగటులో సరిగా తెలియదు. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ కాలం వాడినవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు. అందుకే "అందరూ ఆపేస్తున్నారు, నీకే ఎందుకిలా" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

మందు పేరును బట్టి కూడా తేడా ఉంటుంది. వెన్లాఫాక్సిన్, పారోక్సెటీన్ శరీరం నుంచి త్వరగా వెళ్లిపోతాయి. ఆపితే గట్టిగా ఇబ్బంది పెట్టేవి ఎక్కువగా ఇవే. డెస్‌వెన్లాఫాక్సిన్, డులోక్సెటీన్ కూడా ఆ కోవలోవే. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ మధ్యస్థం. మీ మందు సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలు పడుతుంది. ఆ లెక్కన ఆరు రోజుల్లో దాదాపు పూర్తిగా వెళ్లిపోతుంది. మీకు మూడో రోజు మొదలై ఇప్పుడు ముదరడం ఆ లెక్కకు సరిపోయింది. ఫ్లూక్సెటీన్ వేరు. అదీ, దాని నుంచి శరీరంలో తయారయ్యే పదార్థమూ వారాల తరబడి ఉంటాయి కాబట్టి తనంతట తానే మెల్లగా తగ్గుతుంది. అందుకే పారోక్సెటీన్ లాంటివి ఎంత నెమ్మదిగా తగ్గించినా కుదరనివారిని కొందరిని ముందు ఫ్లూక్సెటీన్‌కు మార్చి, ఆ తర్వాత ఆపిస్తాం. ఈ మార్పిడి డాక్టరు చేతిలోనే జరగాలి. రెండు మందులు ఒకదానిమీద ఒకటి పడితే సెరొటోనిన్ ఎక్కువై ప్రమాదం రావచ్చు.

వెన్లాఫాక్సిన్ గురించి ఒక సంగతి చెబుతాను. వివరాలు కొద్దిగా మార్చాను. బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక యువకుడు సంక్రాంతికి ఊరు వెళ్తూ మందుల డబ్బా గదిలోనే మరచిపోయాడు. నాలుగు రోజులే కదా అనుకున్నాడు. భోగి నాటి సాయంత్రానికి వాంతులు, లేచి నిలబడితే పడిపోయేంత తూలుడు. మొదట గ్యాస్ అన్నారు, సెలైన్ ఎక్కించారు. తర్వాత మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేశారు. ఆపైన పట్నంలో తల స్కానింగ్ తీశారు. స్కానింగ్‌లో ఏమీ లేదు. పండుగంతా మంచంలోనే గడిచింది. ఈ మూడు చోట్లా "రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా, ఏదైనా మానేశావా?" అని ఎవరూ అడగలేదు. పక్కన చుట్టాలుండగా డిప్రెషన్ మందు పేరు చెప్పడానికి అతనికీ నోరు రాలేదు. తిరిగి వచ్చి మాత్ర వేసుకున్న మర్నాటికి లేచి తిరిగాడు. మీరూ ఎక్కడికి వెళ్లినా, ఎవరికి చూపించుకున్నా, ఈ ఒక్క ముక్క ముందు చెప్పండి: "ఫలానా మందు ఫలానా రోజున ఆపాను."

జబ్బు తిరగబెట్టడమా, మందు ఆపిన ప్రభావమా? మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. దీన్ని తప్పుగా అర్థం చేసుకునే చాలామంది "మందు లేకుండా నేను బతకలేను" అనే నిర్ణయానికి వచ్చేస్తారు. నేను మూడు విషయాలు చూస్తాను.

మొదటిది, ఎప్పుడు మొదలైంది. ఆపిన రెండు మూడు రోజుల నుంచి వారంలోపు మొదలైతే అది మందు ఆపిన ప్రభావమే అయ్యే అవకాశం ఎక్కువ. డిప్రెషన్ సాధారణంగా అంత తొందరగా రాదు. వారాలు, నెలల మీద మెల్లగా కమ్ముకుంటుంది. రెండోది, ఏమేమి ఉన్నాయి. తలలో షాకులు, తూలడం, వికారం మీ పాత డిప్రెషన్‌లో ఎప్పుడైనా ఉన్నాయా? లేవు కదా. అవి జబ్బు లక్షణాలు కావు. వాటితో పాటు వచ్చిన ఏడుపు, చిరాకు కూడా చాలావరకు ఆ మూటలో భాగమే. మూడోది, మందు మళ్లీ వేస్తే ఎంత త్వరగా తగ్గింది. ఆపిన ప్రభావమైతే ఒకటి నుంచి మూడు రోజుల్లో, అటూ ఇటుగా, తేలికపడుతుంది. జబ్బు తిరగబెడితే మందు పనిచేయడానికి మళ్లీ వారాలు కావాలి.

జబ్బు నిజంగా తిరగబెడితే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఒక నడివయసు వ్యాపారి అయ్యప్ప మాల వేసుకుంటూ సెర్ట్రాలిన్ ఆపేశారు. దీక్షలో మందులు కూడదని ఆయన నమ్మకం. మండలం రోజులూ హాయిగానే గడిచాయి. శబరిమల వెళ్లి వచ్చారు. అంతా బాగుందని ఆయనా, ఇంట్లోవాళ్లూ అనుకున్నారు. శివరాత్రి దాటాక తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, షాపుకు వెళ్లాలనిపించకపోవడం, అన్నం సయించకపోవడం, చివరికి "నేను లేకపోతే మీకే నయం" అనే మాట. షాకులు లేవు, తూలడం లేదు. అది జబ్బు. నిండుగా తిరిగి వచ్చిన జబ్బు. ఆయనకు మందు మళ్లీ మొదలుపెట్టి, ఇంట్లో ఒకరిని ఎప్పుడూ పక్కన ఉంచి చూసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి కార్తీకం ముందే నా రోగులను అడుగుతాను, మాల వేసుకుంటున్నారా అని. నా మాట వినకపోతే వాళ్ల గురుస్వామి చేత చెప్పిస్తాను. మందు వేసుకున్నంత మాత్రాన దీక్షకు భంగం లేదని ఆయన ఒక్క మాట చెబితే నేను గంటసేపు చెప్పినదానికన్నా బాగా వింటారు.

ఇప్పుడు తగ్గించే పద్ధతి. మందు మొదలుపెట్టడం ఎంత వైద్యమో, ఆపడమూ అంతే వైద్యం. మన దగ్గర మొదటిదానికి చీటీ ఉంటుంది, రెండోదానికి ఉండదు.

అసలు కిటుకు చివరి ముక్కలో ఉంది. మోతాదును సగం చేస్తే మెదడులో దాని ప్రభావమూ సగమవుతుందని అందరూ అనుకుంటారు. కాదు. ఎస్సిటలోప్రామ్‌కు అన్న వరస సిటలోప్రామ్. దాని మీద లెక్కలు ఇలా ఉన్నాయి: రోజుకు 20 మిల్లీగ్రాములు వేసుకుంటే నేను పైన చెప్పిన ద్వారాల్లో సుమారు 80 శాతం మూసుకుంటాయి. 9 మిల్లీగ్రాములకు తగ్గించినా ఇంకా 70 శాతం మూసుకునే ఉంటాయి. 3.4 దగ్గర 50 శాతం. 1 మిల్లీగ్రాము కన్నా తక్కువకు, 0.8కి వచ్చినా 20 శాతం. ఎస్సిటలోప్రామ్‌కు ఈ మోతాదులను దాదాపు సగం చేసి చూసుకోవచ్చు. టీలో చక్కెర వేసినట్లు అనుకోండి. మొదటి చెంచాకు రుచి అంతా మారిపోతుంది, నాలుగు చెంచాలున్న టీలో ఐదోది వేసినా తెలియదు. కాబట్టి పై మోతాదు నుంచి సగానికి దిగడం తేలిక. ఆ కాస్త మిగిలినదాని నుంచి సున్నాకు దిగడమే కష్టం. "5 మిల్లీగ్రాములే కదా, ఇక ఆపేద్దాం" అని అక్కడే దూకేస్తారు, అక్కడే పడతారు. లండన్‌కు చెందిన పరిశోధకులు మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ 2019లో ఈ లెక్కలన్నీ ఒకచోట పెట్టి రాశాక, బ్రిటన్‌లో మార్గదర్శకాలు కూడా ఆ దారికే వచ్చాయి. 2022 నాటి అక్కడి జాతీయ మార్గదర్శకం మందును అంచెలంచెలుగా, ప్రతి అంచెలోనూ అప్పుడు వేసుకుంటున్న మోతాదులో ఇంత వంతు చొప్పున తగ్గించమంటోంది.

మీలాంటివారికి నేను మామూలుగా ఆలోచించే క్రమం ఇది: 10 నుంచి 7.5, అక్కడి నుంచి 5, ఆపైన 2.5, ఆ తర్వాత 1.25, అప్పుడు ఆపడం. ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు. ఇబ్బంది లేకపోతే కాస్త ముందుకు, ఉంటే అక్కడే ఆగడం, బాగా ఉంటే ఒక మెట్టు వెనక్కి. వెనక్కి వెళ్లడం ఓటమి కాదు. మధ్యలో ఆగినవీ కలుపుకుంటే ఎక్కువమందికి మొత్తం మూడు నుంచి ఆరు నెలలు సరిపోతుంది. కొందరికి ఏడాది పైనే పట్టవచ్చు. అలాగని అందరికీ ఇంత సాగదీత అక్కరలేదు. మందు కొద్ది వారాలే వాడినవారు తేలిగ్గా ఆపగలరు. ఈ అంకెలు చూసి ఈ రాత్రే మాత్ర విరవకండి. ముందు నిలకడ, ఆ తర్వాతే తగ్గింపు.

ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాముల మాత్రలు మందుల షాపుల్లో దొరుకుతాయి. మధ్యలో గీత ఉన్నవి తీసుకుంటే సగం చేయడం సులభం. మాత్రలు కోయడానికి చిన్న ప్లాస్టిక్ డబ్బీలు అమ్ముతారు, లోపల బ్లేడు ఉంటుంది. కత్తిపీటతోనో, పళ్లతోనో కొరికి ముక్కలు చేస్తే ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ పడుతుంది. ఆ మాత్రం తేడా కూడా చివరి మెట్ల మీద తెలుస్తుంది. ఫ్లూక్సెటీన్ వంటివి సిరప్ రూపంలోనూ వస్తాయి, సిరంజితో కొలిచి తగ్గించుకోవచ్చు. కానీ ఒక జాగ్రత్త. పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉన్న మందులు నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసినవి. డాక్టరును అడగకుండా వాటిని విరవకండి, నూరకండి. లోపలి మందంతా ఒక్కసారే దిగిపోతుంది.

రోజు విడిచి రోజు వేసుకోవడం వద్దు. ఈ సలహా మన దగ్గర చాలామంది ఇస్తారు, డాక్టర్లు కూడా ఇస్తారు. చూడటానికి సగానికి తగ్గించినట్లే ఉంటుంది. శరీరంలో మాత్రం మందు ఒక రోజు పైకి, ఒక రోజు కిందికి ఊగుతుంది. అంటే రెండు రోజులకోసారి మీరు మందు ఆపిన మనిషి అవుతున్నారు. ఫ్లూక్సెటీన్‌కు మాత్రమే, అది ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి, ఈ పద్ధతి చెల్లుతుంది. మిగతావి రోజూ అదే వేళకు, తక్కువ మోతాదులో వేసుకోవాలి.

అలాగే ఆపి కొన్ని వారాలు, నెలలు గడిచిపోయినవారు పాత మోతాదును నేరుగా మింగేయకండి. అంత విరామం తర్వాత శరీరానికి అది కొత్త మందే. తక్కువతో మొదలుపెట్టాలి. మీది తొమ్మిది రోజులే కాబట్టి ఆ చిక్కు తక్కువ. అయినా అడిగే మొదలుపెట్టండి. పోయిన రోజులను పూడ్చుకుందామని రెండేసి మాత్రలు వేసుకోవద్దు.

తగ్గించే కాలంలో రాసుకోవడం ఎంత ఉపయోగమో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిని చూశాక నాకు బాగా తెలిసింది. ఆయన పారోక్సెటీన్ చాలా ఏళ్లు వాడారు. రెండుసార్లు ఆపబోయి మంచం పట్టారు. మూడోసారి నా దగ్గరకు వచ్చినప్పుడు పాత బడి హాజరు పుస్తకం తెచ్చారు. పిల్లల పేర్లుండాల్సిన చోట నిద్ర, తూలుడు, షాకులు, కడుపు, కోపం అని రాసి, తేదీల గళ్లలో సున్నా నుంచి మూడు వరకు అంకెలు వేశారు. కోపం వరస మాత్రం ఆయన భార్య చేతిరాత. "అది నేను వేసుకుంటే అన్నీ సున్నాలే వస్తాయి" అన్నారు. ఆ పుస్తకం మా ఇద్దరికీ దారి చూపించింది. ప్రతి తగ్గింపు తర్వాత నాలుగో రోజుకు అంకెలు పెరిగి, రెండో వారం చివరికి దిగుతున్నాయని అందులో స్పష్టంగా కనిపించింది. దిగుతాయని తెలిశాక ఆయన ఆ నాలుగో రోజుకు బెదరడం మానేశారు. చివరి మెట్టు మీద అంకెలు దిగకపోతే ఆగాం, రెండు నెలలు అక్కడే ఉన్నాం. తర్వాత ఆపారు. మీరూ ఏదో ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక వరస అమ్మ చేత వేయించండి.

ఈ రోజుల్లో ఉపశమనానికి పెద్ద రహస్యాలేమీ లేవు. షాకులు ప్రమాదకరం కావు, మెదడుకు దెబ్బ తగలదు, అవి ఫిట్స్ కావు. కళ్లను గబుక్కున పక్కకు తిప్పినప్పుడు ఎక్కువవుతాయి కాబట్టి కళ్లకన్నా ముందు తల తిప్పండి. తూలుడు ఉన్నన్నాళ్లు బండి నడపకండి, పెళ్లి పనులకైనా సరే ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. స్నానాల గదిలో జాగ్రత్త. వికారంగా ఉంటే కొద్దికొద్దిగా మజ్జిగన్నం, ఇడ్లీ, గంజి వంటివి తినండి. పీడకలలు ఎక్కువగా ఉంటే మందును రాత్రి నుంచి ఉదయానికి మార్చవచ్చా అని డాక్టరును అడగండి, కొందరికి పనిచేస్తుంది. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేయండి. మద్యం పూర్తిగా వద్దు. నిద్ర పట్టడం లేదని షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోకండి, ఒకదాని నుంచి బయటపడబోయి ఇంకొకదానిలో దిగుతారు. రోజూ అరగంట నడక నిజంగా సాయం చేస్తుంది. దగ్గు మందు కొనేటప్పుడు కూడా మీరు వాడుతున్న మందు పేరు చెప్పండి. డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉన్న సిరప్‌లకు ఈ మందులతో పొసగదు.

ఆపడానికి ఏ సమయం ఎంచుకోవాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. పెళ్లి ముందు నెల దానికి సరైన సమయం కాదు. కొత్త ఊరు, కొత్త మనుషులు, నిద్ర లేని రాత్రులు, బంధువుల మధ్య కాస్త ఏకాంతం కూడా దొరకని రోజులు. పరీక్షలు, బిడ్డ పుట్టిన తొలి నెలలు, విదేశీ ప్రయాణం కూడా అంతే. అమెరికా చదువుకు వెళ్లే పిల్లలు ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన మందు అయిపోయాక, అక్కడ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు అర్ధాంతరంగా ఆపవలసి వచ్చి నాకు అర్ధరాత్రి ఫోన్లు చేస్తుంటారు. వెళ్లేముందే మందుల అసలు పేర్లు, మోతాదు ఉన్న చీటీ, వీసా మీద ఎన్నాళ్ల మందు తీసుకెళ్లవచ్చో తెలుసుకుని అంత నిల్వ, దిగిన నెలలోనే యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో నమోదు, ఈ మూడూ చూసుకోమంటాను.

అసలు మీరు ఆపవచ్చా? మీకు ఇది మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, ఏడాదికి పైగా బాగున్నారు కాబట్టి ఆపడం గురించి ఆలోచించే హక్కు మీకు నిండుగా ఉంది. మొదటిసారి వచ్చినవారికి పూర్తిగా కోలుకున్నాక ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు కొనసాగించి తగ్గించడం మామూలే. రెండు మూడుసార్లు వచ్చినవారికి, ఆత్మహత్య ప్రయత్నం చేసినవారికి ఇంకా ఎక్కువ కాలం అవసరం. ఆపితే తిరగబెట్టే అవకాశాన్ని మీ ముందు దాచను. ఇంగ్లండులో చాలాకాలంగా మందు వాడుతూ బాగున్న 478 మందితో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. ఏడాదిలో, మందు తగ్గించి ఆపినవారిలో 56 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, కొనసాగించినవారిలో 39 శాతం మందికి. దీన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. కొనసాగించినా కొందరికి వస్తుంది, ఆపినా 44 శాతం మందికి రాలేదు. కాబట్టి ఇది మీరు, మీ డాక్టరు కూర్చుని తేల్చుకోవలసిన నిర్ణయం. పెళ్లి చూపుల నాటి భయంతో మీ మేనత్తో, పెదనాన్నో తీసుకోవలసింది కాదు.

పెళ్లి తర్వాత గర్భం గురించి కూడా ఇప్పుడే డాక్టరుతో మాట్లాడండి. గర్భం అని తెలియగానే భయపడి ఒక్కసారిగా మందు ఆపేసేవారు ఎందరో. అలా ఆపితే తల్లికీ కష్టం, జబ్బు తిరగబెడితే బిడ్డకూ కష్టం. కొన్ని మందులను మార్చాల్సి ఉంటుంది, పారోక్సెటీన్ అందులో ఒకటి. కొన్నింటిని కొనసాగించవచ్చు. ముందుగా మాట్లాడుకుంటే తీరిగ్గా ఏర్పాటు చేసుకోవచ్చు.

కాబోయే భర్తకు చెప్పాలా అని మీరు అడగలేదు, కానీ ప్రశ్నలో ఆ బరువు కనిపిస్తోంది. నా అభిప్రాయం చెబుతాను. చెప్పండి, పెళ్లికి ముందే, మీ నోటితోనే. కావాలంటే ఆయనను మీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. నేను ఇలాంటి జంటలతో కూర్చుని మాట్లాడాను. దాచిన మందు చీర మడతల్లో దొరికినప్పుడు జరిగే రభస, ముందు చెప్పినప్పుడు జరగదు. తెలిసి నిలబడే మనిషి పక్కన ఉంటే మందు తగ్గించడమూ సులువవుతుంది.

ఈ కిందివాటిలో ఏది కనిపించినా ఆగకండి. చచ్చిపోవాలన్న ఆలోచన, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచన. ఫిట్స్. ఉన్నవి లేనట్లు, లేనివి ఉన్నట్లు అనిపించడం. నిద్రే అక్కరలేనంత హుషారు, ఆగని మాటలు, విపరీతమైన ఖర్చులు. కాలు ఒకచోట నిలవనంత, కూర్చోలేనంత ఆందోళన. ఇవి ఉంటే ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరుకు చేయండి. డబ్బు కట్టనక్కరలేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ డాక్టరు దొరకకపోతే ఏ ప్రభుత్వ బోధనాసుపత్రిలోనైనా మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులూ ఉన్నాయి. ఆ పేర్లు వినగానే జంకకండి, అవుట్ పేషెంట్‌గా చీటీ రాయించుకుని ఇంటికి వచ్చేవారే అక్కడ ఎక్కువ.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇవి తీసుకెళ్లండి: మందు ఖాళీ షీటు, మొదటి చీటీ దొరికితే అది, ఆపిన తేదీ, ఒక్కో లక్షణం ఏ రోజు మొదలైందో రాసిన కాగితం, వేరే ఏ మందులు వాడుతున్నా వాటి పేర్లు, థైరాయిడ్ పరీక్ష ఈ మధ్య చేయించి ఉంటే ఆ రిపోర్టు. వీలైతే అమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. మళ్లీ మొదలుపెట్టాక వారం రోజులకు ఎలా ఉందో, షీటు మీద క్లోనజిపామ్ ఉందో లేదో ఇక్కడ రాయండి, తగ్గించే క్రమం గురించి అప్పుడు ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.